ఖాళీ లారీ

మామిడికాయల కాలంలో మా తిరువూరు మెయిన్ రోడ్డు పక్కన కళ్లు మూసుకుని నిలబడినా, వచ్చేది లోడు లారీయో ఖాళీ లారీయో చెప్పెయ్యొచ్చు. లోడు లారీ గుంటలో దిగి, ఒక్కసారి మూలిగి, నెమ్మదిగా లేస్తుంది. ఖాళీది గుంట గుంటకీ ఎగిరెగిరి పడుతుంది, వెనక డోరు గొలుసులు గలగలలాడతాయి. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడే. అందులో ఉన్న సంగతి నాకు ముప్పై తొమ్మిదో ఏట గానీ బుర్రకెక్కలేదు. ఎక్కేలోపు లక్షా నలభై వేలు పోయాయి. డబ్బుదేముంది, మళ్లీ వస్తుంది. నా మూర్ఖత్వాన్ని మా నాన్న తన ఒంటి మీద మోశాడు. అది రాసుకోవాలనే కూర్చున్నాను.

నాది ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ. చిన్న కారే, 105 హార్స్ పవర్. అసలు సిసలు స్పోర్ట్స్ కార్లు కొనే స్తోమత లేని నాలాంటివాళ్లు చాలామంది దీంతోనే ఆ ముచ్చట తీర్చుకున్నారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో ఫార్ములా-ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల పందెం జరిగింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున, జనం రోజూ తిరిగే రోడ్లకే అటూ ఇటూ సిమెంటు దిమ్మెలు పేర్చి 2.8 కిలోమీటర్ల ట్రాక్ చేశారు. వెళ్లి చూశాను. ఆ కార్లు మలుపులో ఒరగవు, నేలకు అతికించినట్టు తిరుగుతాయి. నా కారు ఒరుగుతుంది. ఇంటికొచ్చేసరికి లెక్క తేల్చేసుకున్నాను. ఒరగని కారుకే పట్టు ఉంటుంది. గట్టి స్ప్రింగులు వేస్తే ఒరగదు. కాబట్టి ఎంత గట్టివైతే అంత మంచిది. ఈ లెక్కలో మొదటి మాటే తప్పని చెప్పేవాళ్లు లేరు. ఉన్నా వినే స్థితిలో నేను లేను.

కంపెనీ స్ప్రింగులకు రెట్టింపు గట్టిగా ఉన్న కాయిలోవర్ల (స్ప్రింగూ షాకూ కలిసి వచ్చే) సెట్టు తెప్పించాను. నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు తగ్గించుకునే మరలుంటాయి. కారును నలభై మిల్లీమీటర్లు కిందికి దించాను. టైర్లు మాత్రం నాలుగేళ్ల నాటివే ఉంచేశాను. అవి అరగలేదు కదా అనుకున్నాను. రబ్బరు అరగకుండానే గట్టిపడి పట్టు పోతుందని తెలియక కాదు. స్ప్రింగులు పదిమందికీ చూపించుకోవడానికి బాగుంటాయి, టైర్లను ఎవరూ చూడరు. నిజం ఇదే.

శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ (పాత పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) ఉంది. 1990లో మొదలైంది. చుట్టు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. అంతకుముందు షోలవరంలో పాత రన్‌వే మీద పందేలు జరిగేవి. సొంత కారు తెచ్చుకుని నడుపుకోనిచ్చే రోజున మా ఊరి నుంచి బయల్దేరి వెళ్లాను. మొదటి చుట్టులో కారు ఒరగలేదు, ఒళ్లు పులకరించింది. నాలుగో చుట్టుకి అనుమానం మొదలైంది. తారు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నచోట ముందు చక్రాలు చిటపటమంటూ పక్కకు జారుతున్నాయి. మలుపులో లోపలి చక్రం తేలిపోయి ఊరికే తిరుగుతోంది. కంపెనీ స్ప్రింగులే ఉంచి కొత్త టైర్లు వేసుకొచ్చిన కోయంబత్తూరు కుర్రాడు అదే మోడల్లో, ఒరుగుతూ ఒరుగుతూనే, నన్ను దాటి వెళ్లిపోయాడు. ఆగాక చూస్తే నా ముందు టైర్ల బయటి అంచులు తురిమినట్టు లేచిపోయి ఉన్నాయి.

ఎందుకో తర్వాత కూర్చుని నేర్చుకున్నాను. స్ప్రింగు బరువు మోస్తుంది, గుంటను మింగుతుంది. మింగాక అది ఊగిపోకుండా పట్టి ఆపేది షాక్ అబ్జార్బర్. ఈ రెండూ కలిసి చేసే పని ఒక్కటే, టైరును నేల వదలనివ్వకపోవడం. టైరు గాల్లో ఉన్నంతసేపూ బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. మామూలు కారు తన స్ప్రింగుల మీద సెకనుకు ఒకసారి, మహా అయితే ఒకటిన్నర సార్లు ఊగుతుంది. మన ఒళ్లు ఓర్చుకునే ఊపు అది. రెక్కల్లేని రేసు కార్లలో అది దాదాపు రెండు దాకా వెళ్తుంది. నేను వేసినవి ఆ వైపు లాగాయి, ఆ సెట్టులో వచ్చిన షాకులకేమో అంత గట్టి స్ప్రింగును అదుపు చేసే శక్తి లేదు. పైగా కారును దించేసరికి చక్రం పైకి లేవడానికి చోటు తగ్గింది. ఆ చోటు చివర ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. చక్రం దానికి తగిలిందంటే ఇక అక్కడ స్ప్రింగే లేనట్టు, రాయే. పోలో ముందు చక్రాలకున్న మాక్‌ఫర్సన్ స్ట్రట్ అమరికలో ఇంకో చిక్కుంది. కారును దించితే బరువు కేంద్రం ఎంత దిగుతుందో, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు అంతకంటే ఎక్కువ దిగుతుంది. రెంటి మధ్య దూరం పెరిగి, ఒరిగించే బలం కూడా పెరుగుతుంది. ఒరగకూడదని చేసిన పనే ఒరగడానికి సాయం చేసింది. లోటస్ కార్ల కాలిన్ చాప్‌మన్ ఈ సంగతులు ఎప్పుడో గ్రహించినవాడు. 1962లో వచ్చిన ఆయన ఎలాన్ మెత్తటి స్ప్రింగుల మీద నడిచేది, ఒరిగేది, అయినా మలుపుల్లో దాని పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ట్రాక్‌లో ఓడిపోతే ఇంత బాధ ఉండేది కాదు. ఆ ఏడాది శీతాకాలంలో నాన్నకు విజయవాడలో బైపాస్ చేశారు. ఛాతీ ఎముక కోసి, తీగతో కట్టి, కుట్లేశారు. దగ్గొచ్చినా కుదుపొచ్చినా రెండు చేతులతో గుండెకు హత్తుకోమని ఒక చిన్న దిండిచ్చి పంపారు. వేరే కారు పిలవొచ్చు. ఇంట్లో కారుండగా ఎందుకన్నాను. వెనక సీట్లో కూర్చోబెట్టాను. ఇబ్రహీంపట్నం, మైలవరం, ఏ.కొండూరు, ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు. పాకించినట్టే పోనిచ్చాను. అయినా ముందు చక్రాలు దిగాక వెనక చక్రాలు దిగేటప్పుడు దబ్బుమని ఒక దెబ్బ. అద్దంలో చూశాను. దిండు చుట్టూ రెండు చేతులు, వేళ్ల కణుపులు తెల్లగా, కళ్లు మూసుకుని ఉన్నాడు.

"నెప్పిగా ఉందా నాన్నా?"

"పర్లేదు, పోనీ. ఈ రోడ్డు ఇంత పాడైందేంట్రా?"

రోడ్డు బాగానే ఉంది. ఆ మాట చెప్పలేకపోయాను. "అవును నాన్నా, వానలకి" అన్నాను. ఇన్నేళ్ల జీవితంలో నేను ఆయనతో ఆడిన అబద్ధాల్లో నన్ను ఇప్పటికీ నిద్ర లేపేది అదే.

వారం తిరక్కుండా విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లాను. లారీల కమాన్లు (పట్టీ స్ప్రింగులు) కట్టే పెద్ద మేస్త్రి ఒకాయన, నాన్నకు ఎరుకైనవాడు, మంచి కారు మెకానిక్కును చూపిస్తాడని. ఆయన నా కారు బానెట్టు మూల మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కాడు. కదల్లేదు.

"పది టన్నులకు కట్టిన కమాన్లు బాబూ ఇవి. ఖాళీ బండికి వేశారు. ఎగరక ఏం చేస్తుంది?"

అంతే అన్నాడు. నాకు మా రోడ్డు మీది గొలుసుల గలగల వినపడింది.

తర్వాత చేసిందంతా మొదట చేయాల్సిందే. ముందు మంచి టైర్లు, ట్రాక్ వేడికి మరగని బ్రేకు ఆయిలు, కొత్త ప్యాడ్లు. స్ప్రింగులు కంపెనీవాటి కంటే కొంచెమే గట్టివి, వాటికి తగిన షాకులు. ఎత్తు దాదాపు పాతదే ఉంచాను. ముందు చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలేట్టు కాంబర్ సరిచేయించి అలైన్‌మెంట్ పెట్టించాను. బయటి అంచు అరగడం ఆగింది. చెన్నై ట్రాక్‌లో మునుపటి కంటే వేగంగానే తిరుగుతున్నాను. కారు ఒరుగుతుంది. ఒరగనిస్తున్నాను.

కొత్తవి వేయించాక నాన్నను మళ్లీ చెకప్‌కి తీసుకెళ్తున్నాను. మైలవరం దాటుతుంటే "రోడ్డు బాగానే వేశారే" అన్నాడు. కారు పక్కకు ఆపి ఉన్నదంతా చెప్పాను. విన్నాడు. ఎంతయిందని అడిగాడు, చెప్పాను. ఇంకేం అనలేదు.

ఇబ్రహీంపట్నంలో స్పీడ్ బ్రేకర్ వచ్చింది. కారు మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. అద్దంలో చూశాను. నాన్న రెండు చేతులూ ఛాతీ మీద ఉన్నాయి. దిండు ఇంట్లోనే ఉంది.