తాళసూత్రానికి రాప్తాటి వ్యాఖ్య

అవతారిక. 1972లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో క్రిప్టొనైట్ అనే ఉక్కు తాళం వేసిన సైకిలును ముప్పై రోజులు వీధిలో వదిలిపెట్టారు. దొంగలు ఊడదీయగలిగినవన్నీ ఊడదీసుకుపోయారు. తాళమూ, తాళం పట్టుకున్న భాగమూ మిగిలాయి. అట్లాంటి ధైర్యం మీదనే ‘మా తాళం తెగి సైకిలు పోతే డబ్బు మేమిస్తాం’ అనే అభయపత్రాలు వచ్చాయి. ఆ పత్రాల్లో కనబడే షరతులను కూడగట్టి ఒక్క వాక్యంగా మూలం కట్టుకున్నాను. మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. నాకంత నిగ్రహం లేదు.

మూలం. కదలని వస్తువునకు తాళముతో బంధింపబడిన సైకిలు, ఆ తాళము బలప్రయోగముచే తెగుటవలన చోరీ అయినచో, యంత్రపు రంపముచే తెగినది కాకున్న యెడల, తెగిన తాళమును, రెండు చెవులను, పోలీసు పత్రమును దాఖలు చేసినవానికి తరుగుదల పోను పరిహార మీయబడును.

వ్యాఖ్య. కదలని వస్తువునకు = ఎత్తుకుపోను వీలుకాని దానికి. హైవే పక్క కరెంటు స్తంభం, వేపచెట్టు సర్వసమ్మతాలు. నీళ్లు పడని బోరు కేసింగు విషయంలో అభిప్రాయభేదం ఉంది. వందల అడుగులు తవ్వించి దుమ్ము మాత్రమే చూసినవాడు, ఇంతకన్నా కదలని వస్తువు లోకంలో లేదంటాడు. కానీ బోరు ఫెయిలైతే కేసింగును పీకి ఇంకో బోరుకు దించడం మా ప్రాంతపు ఆచారం, కనుక అదీ చరవస్తువే. పీకకపోయినా అది భూమి మీద మూరెడే ఉంటుంది. గొలుసును పైకి జార్చి సైకిలు తోసుకుపోవచ్చు. తాళం తెగలేదు గనక మూలం వర్తించదు.

రెండు చెవులను = తాళంతో పాటు కొన్ననాడు వచ్చిన రెంటినీ. సీటు కింద వెనక చక్రానికుండే గుండ్రటి తాళం మన సైకిలుకు సహజాభరణం. తీసి ఉన్నంతసేపూ చెవి దాంట్లోనే ఇరుక్కుని ఉంటుంది, వేస్తేనే ఊడొస్తుంది. రెండో చెవి కొన్ననాటి సన్నతీగతో మొదటిదానికే కట్టుబడి ఊరంతా తిరుగుతుంది. పోతే రెండూ పోతాయి. అదట్లుంచి, ఈ తాళం చక్రాన్ని తిరగనియ్యదు గానీ సైకిలును దేనికీ కట్టదు. అంటే మొదటి పదం దగ్గరే ఓడిపోయింది.

తెగిన తాళమును. ‘ఏమప్పా, దొంగ సైకిలెత్తకపోయి తాళం మాత్రం మనకు పెట్టిపోతాడా?’ అని పూర్వపక్షం. పెట్టిపోవాలి. పెట్టిపోనివాడు మూలకారుని దృష్టిలో దొంగే కాడు. 2004లో ఇంకో చిక్కు వచ్చింది. క్రిప్టొనైట్‌లోనే గుండ్రటి చెవి రకం తాళాలు మామూలు బాల్‌పెన్ గొట్టంతో తెరుచుకుంటున్నాయని అమెరికాలో బయటపడింది. కంపెనీ వాటిని ఉచితంగా మార్చి ఇచ్చింది. పెన్నుతో తెరిస్తే తాళానికి గీత కూడా పడదు. అక్షరాస్యుడైన దొంగ పాలబడ్డవాడికి ఈ మూలంలో పైసా రాదు.

యంత్రపు రంపము = బ్యాటరీ కటింగ్ మిషను. చేతిరంపంతో చెమటోడ్చిన దొంగకే గుర్తింపు అని భావం.

పరిహారము. ఇది మాకు శెనక్కాయ చేలో పరిచయమైన మాట. 1985 నాటి సమగ్ర పంటల బీమా నుంచి 2016 నాటి ఫసల్ బీమా దాకా ఎక్కువగా నడిచిన లెక్క ఇది: నీ చేను ఎండిందా అని చూడరు. మండలమో ఊరో ఒక యూనిట్‌గా తీసుకుని, ఎంచిన చేలల్లో కోత ప్రయోగాలు చేసి, సగటు దిగుబడి పడిపోయిందా అని చూస్తారు. అందుకే రాప్తాటి రైతుకు సైకిలు బీమా వింతగా తోస్తుంది. ఊరందరి సైకిళ్లూ భద్రంగా ఉండి నాదొక్కటే పోయినా లెక్కకొస్తుందా? వస్తుంది.

తాత్పర్యం. తాళం గట్టిదైతే సైకిలు పోదు, బీమాతో పని లేదు. మెత్తనిదైతే సైకిలు పోతుంది, కాగితాలుంటే కొంత సొమ్ము వస్తుంది.

విశేషం. పోలీసు పత్రం దగ్గర నిలవక తప్పదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనానిది 303వ సెక్షన్. పోయినదాని విలువ 5,000 రూపాయల లోపు ఉండి, శిక్ష పడటం దొంగకు అదే మొదటిసారై, వస్తువో విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజసేవతో సరిపెడతారు. ఇట్లాంటి చిన్న చోరీని నాన్ కాగ్నిజబుల్ పద్దులో వేశారు. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాదు. ఫిర్యాదు రాసుకుంటారు గానీ ఎఫ్ఐఆర్ కట్టరు. బీమావాళ్లు అడిగేదేమో ఎఫ్ఐఆర్.

దొంగకు ఇది తొలిసారా కాదా అన్నది దొరికితే గదా తెలిసేది? దొరకాలంటే వెతకాలి, వెతకాలంటే కేసు కావాలి, కేసు ఏ రకమో తేలాలంటే దొంగ దొరకాలి. మూడు మెట్లు తిరిగి మొదటికే వచ్చే ఈ దోషాన్ని తార్కికులు చక్రకమన్నారు. సైకిలుకు తగిన దోషమే.

పదేళ్లు గడ్డిమోపులు మోసిన సైకిలు ఠాణాలో 5,000 దాటాలి. బీమా ఆఫీసులో తరుగుదల తీసేస్తే దాటదు. దీనికి పూర్వపక్షి ఉపాయం కనిపెట్టి నాకు ఫోన్ చేశాడు: ‘హ్యాండిలుకు సంచీ, సంచీలో నా సెల్‌ఫోనూ ఉండె, అదీ పోయిందని రాపిస్తానప్పా. 5,000 ఈజీగా దాటుతాది.’

‘మరి ఇప్పుడు యా ఫోన్లో మాట్లాడతాండావు?’ అని సిద్ధాంతం.