మా బావగారి కొండ

యాత్రాస్థలములను తాము చూచి తృప్తినొందుటతో నూరకుండక, ఇతరులకు బలవంతముగా చూపించి, వారి తృప్తిని గూడ తామే ప్రకటించు మహానుభావులు ప్రతి బంధువర్గమునందును ఒక్కరైనను ఉందురు; మా వంశమునకు ఆ లోటు మా పెద్దక్కయ్యను చేసికొన్న బావగారివలన తీరినది.

వేసవిసెలవులలో మేము ఊటీకి మూటలు గట్టుకొనుచుండగా, "ఊటీ ఎందుకయ్యా, డబ్బు దండగ! మన ఊటీ మనకుండగా!" అని వారు మమ్ము మదనపల్లె మీదుగా హార్సిలీకొండకు మరలించిరి. కడప కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర వేసవికి బంగళా కట్టుకొన్న ఆ కొండ సముద్రమట్టమునకు 4,000 అడుగులకు పైబడిన ఎత్తున నున్నమాట నిజమే. నీలగిరి చెట్లును, వాని క్రింద నడచుటకు నీడయు కలవు. అయితే చూడదగినవన్నియు మధ్యాహ్నభోజనమునకు ముందే ముగిసిపోగా, సాయంకాలమువరకు ఏమి చేయవలెనో తోచక పిల్లలు కోతులను, కోతులు పిల్లలను చూచుచు కూర్చుండిరి.

బావగారి ప్రతిభ వికసించునది ఇట్టి సమయమునందే. స్థలమునకు గల లోపమును వారు తమ ఇంటిపేరునకు తగిలిన దెబ్బగా భావింతురు. మంచు లేదన్నచో, "మంచు కమ్మితే ఇంకేం కనిపిస్తుంది? మన అదృష్టం!" అందురు, కమ్మినచో, "ఇది చూడ్డానికే గదా వచ్చింది!" అందురు. కొండకు గొప్పతనము చాలనిచో చుట్టుపట్లనుండి ఎరువు తెచ్చెదరు: రవీంద్రుడు 1919లో మదనపల్లెలో విడిసినప్పుడే గదా జనగణమనను ఆంగ్లీకరించినది, జిడ్డు కృష్ణమూర్తి 1895లో జన్మించినదియు ఆ ఊరనే గదా, ఇదంతయు ఈ కొండగాలి మహిమయే యని వారి సిద్ధాంతము.

ఆ గాలిమాటయే కొంప ముంచినది. గాలిబండ యను శిలపై నిలిచినచో మనుష్యుని త్రోసివేయునంతటి గాలి వీచునని దారిపొడుగున చెప్పుచు మమ్ము దానిపై కెక్కించిరి. ఆనాడు ఆకైనను కదలలేదు. బావగారు కండువా తీసి రెండుచేతుల నెత్తిపట్టిరి. అది నిట్టనిలువుగా వ్రేలాడెను. చూపుడువ్రేలు తడిచేసి ఆకాశమునకు చూపిరి. తుదకు ఒక అంచునకు జరిగి, పంచెకుచ్చెళ్ళను తామే మెల్లగా ఆడించి, "చూశావా? కిందనుంచి వస్తోంది!" అనిరి. మా అక్కయ్య సంచిలో విసనకఱ్ఱకై వెదకుచు, "ఏమండీ, కాస్త ఆ గాలిని ఇటు తోలండి" అనెను.

నాకును ఒళ్ళు మండినది. కాని మా సంతోషమునకై నడియెండలో అంతగా చెమటోడ్చుచున్న పెద్దమనిషిపై కోపమెంతసేపు నిలుచును? ఊటీలోనైనచో మాకొఱకు గాలిని పుట్టించువాడెవడు? గాలి తగిలినదని మొట్టమొదట తలయూపినది నేనే. బావగారి ముఖము వికసించినది.

తిరుగుప్రయాణమున ఘాటురోడ్డు మలుపుకడ మా బస్సు ఎదురుబస్సుకై ఆగినది. బావగారు కిటికీలోనుండి మెడ సాచి, అవతలి బస్సులో పిల్లలతో కూర్చున్న ఒక అపరిచితుని పిలిచి, "గాలిబండ తప్పకుండా చూడండి. పిల్లల చేతులు మాత్రం గట్టిగా పట్టుకోండి సుమా!" అని హెచ్చరించిరి.