సూర్యుణ్ణి గుత్తకిచ్చిన తాలూకా

"ఏమన్నా, కరెంటొచ్చెనా?"

"వచ్చినట్టే వచ్చి పాయె!"

వై.ఎన్.హొసకోటలో సాయంత్రం పలకరింపులు ఇలాగే ఉంటాయి. మరమగ్గం టక్కున ఆగుతుంది. నాడె సగం చీరలో ఇరుక్కుంటుంది. నేసేవాడు తెగిన పట్టుపోగును చీకట్లోనే తడిమి ముడేస్తాడు.

మాది కరెంటు లేని తాలూకా అనుకునేరు! కర్ణాటకలోని ఇదే పావగడ తాలూకాలో తిరుమణి, వళ్లూరు చుట్టుపక్కల అయిదు ఊళ్లలో దాదాపు 13,000 ఎకరాల మీద సోలార్ అద్దాలు పరిచారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల గుత్త, 28 ఏళ్ల ఒప్పందం. 2018 మార్చిలో ప్రారంభోత్సవం. 'శక్తిస్థల' అని పేరు. 2,050 మెగావాట్ల సత్తువ. వాన మొహం చాటేసిన నేలకు ఎండైనా కూలి ఇచ్చిందని మురిసిపోయాం.

2023లో వాన మళ్లీ ఎగ్గొట్టింది. రైతు మోటారుకు ఏడు గంటల త్రీఫేజు అన్నది అయిదు గంటలకు దిగింది. అప్పుడు మొదలైంది పరిష్కారాల జాతర. వాన పడలేదని పాలకపక్షం. వీళ్లొచ్చాకే వాన పోయిందని ప్రతిపక్షం. దేశమంతా ఒకే గ్రిడ్డు కదా, దిగులెందుకని ఢిల్లీ. అంతకు ముందు ఏడాదే విదేశీ బొగ్గు తెచ్చి కలపమన్నదీ ఆ ఢిల్లీయే. ఆ 2022లోనే సరిహద్దుకు అవతల ఆంధ్రాలో ఫ్యాక్టరీలకు 'పవర్ హాలిడే' ఇచ్చారు. సెలవంటే పండగ అనుకునేవాళ్లం, కూలి పోయే రోజుకూ అదే పేరని తెలిసింది.

సూర్యుడు సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరతాడని మా ఊరి గొర్రెలకూ తెలుసు. పగటి కరెంటును రాత్రికి దాచుకునే ఏర్పాటు లేకుండా అద్దాలు మాత్రమే పరిచిన మేధావులకు అది ఆలస్యంగా తెలిసింది. అందుకని మా ఊరి తరఫున రెండు సలహాలు. ఒకటి, సూర్యుడికి నైట్ డ్యూటీ వేయండి, ఓవర్‌టైమ్ మేమిస్తాం. రెండు, ఎన్నికల హామీలు దేనితో చేస్తారో బ్యాటరీలూ దానితోనే చేయండి. ఒకసారి ఛార్జి చేస్తే అయిదేళ్లు వాడకుండానే నిలవుంటాయి.

మొన్న కరెంటు పోయినప్పుడు పక్కింటి అవ్వ అడిగింది:

"మన తాలూకా కరెంటు యాడికి పోతాదప్పా?"

"గ్రిడ్డుకు, అవ్వా."

"ఆ గ్రిడ్డుది ఏ ఊరో చెప్పు. రేపు తొలి బస్సుకే పోయి మన పాలు అడిగొస్తా."