సారు ఇప్పించిన పింఛను

నారాయణఖేడ్ దిక్కు నుంచి వచ్చి పాశమైలారంలో హెల్పరుగా చేరాడాయన. 2021లో కంపెనీ షెడ్డు మీద రేకు మారుస్తుంటే కాలికింది రేకు విరిగి కింద పడ్డాడు. వెన్నుపూస చితికింది. నడుము కింద స్పర్శ లేదు. అన్నీ మంచంలోనే. రాత్రిళ్లు కూడా భార్య లేచి పక్కకు తిప్పకపోతే వీపంతా పుండ్లు.

కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజరు ఆ రోజు నుంచి వాళ్లను వదల్లేదు. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్నా, అక్కడ ఆలస్యమవుతుందని ప్రైవేటు నర్సింగ్ హోములో చేర్పించాడు. బిల్లు తనే కట్టాడు. వైకల్యం సర్టిఫికెట్ కోసం మీసేవలో సదరం స్లాటు బుక్ చేయించాడు. సంగారెడ్డిలో క్యాంపు రోజున ట్రాలీ ఆటోలో పరుపు వేయించి, మనిషిని ఎత్తేటప్పుడు ఒక చెయ్యి తనూ పట్టాడు.

మంచం దిగలేని మనిషి ఆ సంగతి రుజువు చేసుకోవడానికి జిల్లా ఆసుపత్రి దాకా పోవాలనే పద్ధతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తోడు లేని ఇళ్లలో ఎందరో అక్కడే ఆగిపోతారు. ఈ ఇల్లు ఆగలేదు. సర్టిఫికెట్ వచ్చింది. 2022 ఆగస్టులో కొత్త పింఛన్లు ఇచ్చినప్పుడు వీళ్లకూ 3,016 రూపాయలు మొదలయ్యాయి. తర్వాత అది 4,016 అయింది.

"ఆ సారు మా పాలిట దేవుడు బిడ్డా. కాయితాలన్నీ ఆయనే రాపిచ్చిండు. నేను ఏలిముద్ర ఏసుడే" అంది ఆమె.

నా కళ్లు ఆమె దాచిన పాత జీతం చీటీ మీద పడ్డాయి. జీతం 12,000. ఈఎస్ఐ కోత 90 రూపాయలు. అంటే ఆయనకు బీమా ఉంది! పనిలో దెబ్బ తగిలితే ఈఎస్ఐకి ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలనే షరతు లేదు. చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. పూర్తిగా పనికి దూరమైతే జీతంలో 90 శాతం, బతికినన్నాళ్లూ. నెలకు పది వేలు దాటే డబ్బు. డైపర్లకు, పుండ్ల మందులకు, ఆమె కూలికి పోయిన రోజు ఆయన్ను చూసుకునే మనిషికి సరిపోయే డబ్బు. దానికి ముందుగా కావలసింది ప్రమాదం పనిలో జరిగిందని యజమాని పంపే నివేదిక, మొదట చూసిన ఆసుపత్రి కాగితం.

"ఆ నర్సింగ్ హోము కాగితాలు ఉన్నాయా అమ్మా?"

ఉన్నాయి. సారు ప్లాస్టిక్ కవర్లో వరసగా పెట్టించి ఇచ్చాడట. పైన డిశ్చార్జి కాగితం. దాని కింద స్టాంపు పేపరు మీద వాంగ్మూలం, చివర ఆమె వేలిముద్ర. రెండింటిలోనూ ఒకటే మాట.

నేను చదివేదాకా ఆమె ఆశగా నా మొహమే చూస్తోంది. "ఏం రాసిండ్రు బిడ్డా?"

"సెలవు రోజున ఇంటి మెట్ల మీద నుంచి జారిపడ్డాడని."

ఆమె చుట్టూ చూసింది. "మెట్లా? మాది రేకుల రూము గద బిడ్డా. మెట్లేడియి?"