ప్లీడరు బాబాయి అభ్యంతరాలు

కోర్టు సినిమా చూస్తున్న ప్లీడరు పక్కన కూర్చోవడం కన్నా ముద్దాయిగా బోనెక్కడం నయం. బోనులోవాడికి వాయిదా అయినా దొరుకుతుంది. కోర్టున్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటి ప్లీడరు ఒకాయన ఉంటాడు. తెనాలిలో మా వీధికి మా బాబాయి దక్కాడు. నలభై ఏళ్లుగా సివిల్ సైడు. వాళ్లింట్లో టీవీ మీద పిన్నికి శాశ్వత ఇంజంక్షన్ ఉంది గనక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొస్తాడు.

పేర్లు పడుతుండగానే మొదలు. జడ్జిగారు సుత్తి కొట్టారా, "అబ్జెక్షన్! మన దేశంలో ఏ జడ్జి బల్ల మీద సుత్తి ఉందిరా?" సాక్షి భగవద్గీత మీద చెయ్యేశాడా, 1969 నాటి ప్రమాణాల చట్టం దగ్గర్నుంచి అందుకుంటాడు. హీరో బోను చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ తన సాక్షినే "ఆ రాత్రి నువ్వక్కడ లేవు కదూ?" అనడిగితే బాబాయి సోఫాలోంచి లేచిపోతాడు. "చీఫ్‌లో లీడింగ్ ప్రశ్నా! ఎదుటి వకీలు నిద్రపోతున్నాడా?" నిద్రపోవట్లేదు పాపం, విలన్ గనక నవ్వుతున్నాడు.

ఆఖరి నిమిషంలో తలుపు తోసుకొచ్చే సాక్షిని చూస్తే మాత్రం ఆయనకు కోపం రాదు, అసూయ పుడుతుంది. ఆయన గట్టు తగాదా ఒకదాంట్లో సాక్షికి సమన్లు అందడానికే మూడేళ్లు పట్టింది.

మొన్న ఉపాయంగా 'రోమన్ జె. ఇజ్రాయెల్, ఎస్క్వైర్' పెట్టాను. 2017 నాటి హాలీవుడ్ సినిమా, లాస్ ఏంజెలిస్ కథ. మన చట్టం అక్కడ చెల్లదు, ఈయన నోరు లేవదని నా ఎత్తు.

అందులో డెంజెల్ వాషింగ్టన్ కోర్టు మెట్లెక్కని వకీలు. భాగస్వామి వాదిస్తుంటే ఈయన వెనకగదిలో కాగితాలు తయారుచేస్తుంటాడు. భాగస్వామి గుండెపోటుతో పడిపోయాక ఈయనే వెళ్లాల్సొస్తుంది. వెళ్లి, జడ్జితో మాటకు మాట పెట్టుకుని కోర్టు ధిక్కారం తగిలించుకుంటాడు.

బాబాయి సమోసా సగంలో ఆపాడు. "ఆ భుజం చూడరా."

చూశాను. బండెడు కాగితాల సంచీ మోసీ మోసీ ఓ పక్కకు ఒరిగిన భుజం. ఒంటికి నప్పని కోటు, చెవులకు పాతకాలపు హెడ్‌ఫోన్లు. ఎదుటివాడి మొహం చూడకుండా, గుక్క తిప్పుకోకుండా చట్టం వల్లించడం.

"వీడు నల్లవాడూ కాదు, తెల్లవాడూ కాదు, అమెరికావాడు అసలే కాదు. మా సీనియర్ గారి గుమాస్తా," అన్నాడు బాబాయి. రిమోట్ లాక్కుని ఆ నడక రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. గంటసేపు ఒక్క అభ్యంతరం లేదు. ఒంట్లో బావుందో లేదోనని మా ఆవిడ మంచినీళ్లు కూడా తెచ్చింది.

కథ మాత్రం సగం దాటాక దారి తప్పింది. అంత నియమాల మనిషీ, క్లయింటు నమ్మి చెప్పిన సంగతిని బయటపెట్టి లక్ష డాలర్ల బహుమానం జేబులో వేసుకుంటాడు. ఆ మార్పు నమ్మేట్టు చెప్పడం దర్శకుడు డాన్ గిల్‌రాయ్ చేతకాలేదని నాకే అనిపించింది. బాబాయైతే "సాక్ష్య చట్టం 126!" అని ఇల్లెగరగొట్టాడు.

"అది 2024 జులై నుంచి 132 అయింది కదా బాబాయ్."

"పాత సినిమాకు పాత సెక్షనేరా!"

సినిమా అయ్యాక తీర్పు అడిగాను. "కథ కొట్టేశాను, ఖర్చులతో సహా."

"మరి నటుడు?"

"అతణ్ని ఈ దావాలో పార్టీగా చేర్చడమే తప్పు. పేరు తీసేయమన్నాను."

ఆ పాత్రకు ఆస్కార్ నామినేషన్ వచ్చిందనీ, అవార్డు మాత్రం గ్యారీ ఓల్డ్‌మన్ పట్టుకుపోయాడనీ చెప్పాను. బాబాయి మొహం కందగడ్డయింది.

"అప్పీలుకెళ్లాడా?"

చెప్పులేసుకుని వీధిలోకి దిగాడు. అటూ ఇటూ చూసి, ఎడమ భుజం కాస్త కిందికి జార్చి, తల వంచుకుని నాలుగడుగులు వేశాడు. ఎదురింటి అరుగు మీంచి పిన్ని కేకేసింది.

"ఏవండీ, మళ్లీ నడుం పట్టిందా?"