సభలో బొమ్మ గీసి నోళ్ళు మూయించడం ఎలా?

సభలో మాట్లాడితే పది ప్రశ్నలు వస్తాయి. కాగితం చూసి చదివితే నాలుగు వస్తాయి. అదే సంగతిని బోర్డు మీద బొమ్మగా గీసి, తగిన జాగ్రత్తలు తీసుకుంటే ఒక్కటీ రాదు. ఈ కిటుకు తెలియక జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్ళలో ఎంతమంది సర్పంచులు, నీటి సంఘాల అధ్యక్షులు, పంచాయతీ కార్యదర్శులు గొంతు పోగొట్టుకుంటున్నారో! 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. సభకి ఒక్క బొమ్మ పద్ధతిగా గీసి ఉంటే జనమంతా పదకొండింటికల్లా పొలాలకి పోయేవాళ్ళు.

బొమ్మలు రావని భయపడకండి. కాలువకి రెండు గీతలు, ఇంటికి ఒక డబ్బా, మనిషికి ఒక సున్నా, ఐదు పుల్లలు. ఇంతకు మించి అక్కర్లేదు. ఊళ్ళో చేయి తిరిగిన చిత్రకారుడెవరైనా ఉంటే సభకి పిలవకండి. అతను ఉన్నది ఉన్నట్టు గీస్తాడు. సుద్దముక్క మాత్రం ఒకటే కొనండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు కాలువ గీయడం నేర్చుకోండి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం జిల్లాలు దాటుకుని మన దాకా వచ్చేసరికి ఎలా ఉంటుందో ఇక్కడ మిరప, పత్తి వేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాబట్టి బోర్డు మీద అది కనబడకూడదు. కాలువని మొదలు నుంచి చివరిదాకా ఒకే వెడల్పున గీయండి. తూములన్నీ ఒకే కొలతలో, ఒకే దూరంలో పెట్టండి. నీలం సుద్దతో నింపేయండి. చివరి భూముల రైతు లేచి మా దాకా నీళ్ళు రావడం లేదంటే ఏమీ మాట్లాడకుండా నీలం రంగు మీద వేలు పెట్టి చూపించండి. బోర్డు మీద వస్తున్నాయి కదా, ఇంకా ఏం కావాలి?

ఈ సభకి కాలువ మీద నీళ్ళ కాపలా చూసే లస్కరును పిలవడం మాత్రం ఆత్మహత్యే. ఏ తూము షట్టరు విరిగిందో, ఎవరు రాత్రిపూట మోటారు దించుతున్నారో, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడిందో, కట్ట ఎక్కడ కోశారో ఆయనకి తెలుసు. బొమ్మ చూడగానే చేయి ఊరుకోదు. నాలుగు చోట్ల ఇంటూ గుర్తులు వేస్తాడు. ఇంటూ పడ్డ బొమ్మ ఇక మీ మాట వినదు. ఎవరు బాగు చేయించాలి, ఎప్పటికి, ఎంతవుతుంది అని సభ అక్కడే కూర్చుంటుంది. 1997లో సాగునీటి వ్యవస్థల యాజమాన్యం రైతులకి అప్పగిస్తూ చట్టం చేసి, ఆయకట్టుని నియోజకవర్గాలుగా విడగొట్టి, నీటి సంఘాలకి ఎన్నికలు పెట్టినవాళ్ళు ఈ ప్రమాదం ముందే ఆలోచించాల్సింది.

ఈ కాలువ రాకముందు కథ వింటే జాలేస్తుంది. జగ్గయ్యపేట పక్కనే ముక్త్యాల. అక్కడి రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ నందికొండ దగ్గర ఇప్పటి సాగర్ ఆనకట్ట కట్టించాలని ఏళ్ళ తరబడి తిరిగారు. 1952లో చోటు చూడ్డానికి ఖోస్లా కమిటీ వచ్చినప్పుడు అడవిలో కార్లు పోయేలా బాట వేయించి, వాళ్ళని సరాసరి ఆ చోటికే తీసుకెళ్ళారని మా పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు. పని అయింది, కాదనను. కానీ ఏమిటా శ్రమ! రెండు కొండలు, మధ్యలో ఒక అడ్డగీత గీసి మద్రాసులోనే చూపిస్తే ఆ బాట ఖర్చు మిగిలేది. పైగా కమిటీవాళ్ళు అక్కడి రాయినీ ఏటినీ కళ్ళారా చూశారు. చూసినవాళ్ళకి నచ్చింది కాబట్టి సరిపోయింది. నచ్చకపోతే?

ఏరు గీయడం ఇంకా తేలిక. లండన్ భూగర్భ రైళ్ళకి హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ గీసిన కొత్త పటం 1933లో జనం చేతికొచ్చింది. వంకరలన్నీ తీసేసి, పట్టాలని నిలువుగా, అడ్డంగా, నలభై ఐదు డిగ్రీల ఏటవాలుగా సాపు చేశాడు. థేమ్స్ నదిని కూడా వదల్లేదు. ప్రపంచమంతా మెచ్చుకుంది. నేల కింద రైల్లో కూర్చున్నవాడికి పైన నది ఎన్ని మెలికలు తిరిగితే ఎందుకు? దిగే స్టేషను తెలిస్తే చాలు. అదే న్యాయం మున్నేటికీ పాలేటికీ వర్తింపజేయండి. స్కేలు పెట్టి ఒకే గీత. 2023 జూలైలో ఐతవరం దగ్గర మున్నేరు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీదికెక్కి లారీలనీ బస్సులనీ నిలబెట్టేసిన మాట నిజమే. 2024 సెప్టెంబరు మొదట్లోనూ వరద ముంచింది. అయితే బొమ్మలో ఏరు ఎప్పుడూ గీతలోనే ఉండాలి. వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచి, పెద్ద వరదకి నీళ్ళు ఇదిగో ఈ రావిచెట్టు దాకా వచ్చాయంటూ బోర్డు వైపు నడవడం మొదలుపెడితే ఆలస్యం చేయకండి. ఆయన చేరేలోపు డస్టరు మీ చేతిలో ఉండాలి.

ఇక భూమి. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ విద్యకి మన మండలం పెట్టింది పేరు. రాష్ట్రమంతటా భూముల రీసర్వేని 2020 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ప్రారంభించింది జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులోనే. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు వచ్చాయి, సర్వే ఆఫ్ ఇండియా చేయి కలిపింది.

దానికి ముందు ఏముండేది? ఎఫ్‌ఎంబీ, అంటే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, చేల కొలతల పుస్తకం. తెల్లదొరల కాలపు సర్వేయర్లకి సభలో బొమ్మ ఎలా చూపించాలో బొత్తిగా తెలియదు. సర్వే నంబరుకి ఒక పేజీ. చేను ఈ మూల నుంచి ఆ మూలకి గొలుసు లాగేవాళ్ళు. ఆ గీత మీద త్రికోణాలు కట్టేవాళ్ళు. గట్టు వంగిన ప్రతిచోటికీ లంబంగా ఆఫ్‌సెట్ కొలిచి, ఆ అంకె గీత పక్కనే వేసేవాళ్ళు. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, పది చదరపు గొలుసులైతే ఎకరం. చూడ్డానికి నాలుగు పుల్లలు పేర్చినట్టే ఉంటుంది, అంతకంటే సాదా బొమ్మ ఇంకోటి లేదు. లోపమల్లా ఒక్కటే. ఆ పేజీ పట్టుకుని ఎవరైనా చేలోకి పోయి, గొలుసు లాగి, బొమ్మ తప్పో ఒప్పో నేల మీద తేల్చేయగలరు. హద్దురాయి పీకేసినా, గట్టు దున్నేసినా, మనవడి కాలానికి కూడా ఆ రాయిని మళ్ళీ అక్కడే పాతించవచ్చు. గట్టు తగాదాల్లో ఒకడు గెలిచి ఇంకొకడు ఓడిపోవడానికి కారణం ఈ అంకెలే. అంకెలు లేకపోతే ఇద్దరూ ఎప్పటికీ సమానంగా కొట్టుకునేవాళ్ళు.

కాబట్టి మీ బొమ్మలో కొలతలు వేయకండి. స్కేలు రాయకండి. ఉత్తరం గుర్తు వేయక తప్పదంటే బాణాన్ని అధ్యక్షుల వారి కుర్చీ వైపు తిప్పండి, ఎవరూ అడ్డు చెప్పరు. డొంకని మరీ సన్నగా గీయండి, ఆక్రమించినవాళ్ళు నొచ్చుకోకుండా. పోరంబోకుని తెల్లగా వదిలేయండి. తెల్లగా ఉన్నదాని గురించి ఎవరూ అడగరు, అడిగేవాళ్ళు అప్పటికే అందులో షెడ్డు వేసుకుని ఉంటారు.

డ్రోను ఫోటో విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పెద్ద సైజులో ప్రింటు తీసి గోడకి అంటిస్తే రైతు దాని మీద పడిపోతాడు. అదిగో నా బోరు షెడ్డు, ఇదిగో మా నాన్న వేసిన వేప అంటాడు. అంతవరకు ముచ్చటే. మరుక్షణం వేలు పక్కకి జరుగుతుంది, పక్కవాడు గట్టు ఎంత జరిపాడో కూడా చూపిస్తుంది. అందుకని ఊరు మొత్తం ఒక ఏఫోర్ కాగితం మీదికి కుదించండి, లేదా వాట్సాప్ గ్రూపులో పడేయండి. ఫోనులో ఊరంతా బొటనవేలంత ఉంటుంది, పెద్దది చేసి చూస్తే మసకలు. అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోపు చెప్పండన్న ముక్క జాతీయగీతానికి ముందు, జనం లేచి నిలబడుతున్నప్పుడు చదవండి.

సాదా బొమ్మే మంచి బొమ్మ అని పుస్తకాలన్నీ చెబుతాయి కదా, దాన్ని పరాకాష్ఠకి తీసుకెళ్ళింది రీసర్వేలో వచ్చిన జాయింట్ ఎల్‌పీఎం, అంటే ఉమ్మడి ల్యాండ్ పార్సెల్ మ్యాప్. నలుగురు అన్నదమ్ములు, నాలుగు చెక్కలు, మూడు గట్లు. ఎంత గజిబిజి! ఆ నాలుగింటికీ కలిపి చుట్టూ ఒకే గీత గీసి, ఒకే నంబరు ఇస్తే బొమ్మ ఎంత శుభ్రంగా ఉందో చూడండి. అమ్ముకోబోయినప్పుడు, బ్యాంకు లోనుకి పోయినప్పుడు అన్నదమ్ములు తమలో తాము చూసుకుంటారు. 2024 డిసెంబరులో మొదలైన రెవెన్యూ సదస్సుల్లో పటంలో ఒక విస్తీర్ణం, పాస్‌బుక్కులో ఇంకో విస్తీర్ణం అని జనం అర్జీలు పట్టుకొచ్చారంటే, అది బొమ్మ తప్పు కాదు. వాళ్ళకి బొమ్మ చూపించినవాళ్ళ తప్పు.

సుద్దముక్క ఒకటే ఎందుకు కొనమన్నానో ఇప్పుడు చెబుతాను. రాబర్ట్ చాంబర్స్ అనే ఇంగ్లీషాయన సంగతి వినండి. ఊరి పటాన్ని ఊరివాళ్ళే గీయాలని, బయటినుంచి వచ్చిన ఆఫీసరు చేతిలో కర్ర వాళ్ళకిచ్చి పక్కన కూర్చోవాలని లోకమంతా ప్రచారం చేశారు. దీన్ని పీఆర్ఏ (పార్టిసిపేటరీ రూరల్ అప్రైజల్) అంటారు. 1990ల నుంచి మన దేశంలో స్వచ్ఛంద సంస్థలవాళ్ళు, వాటర్‌షెడ్డువాళ్ళు ఊళ్ళలో కూర్చుని సామాజిక పటం, వనరుల పటం అంటూ గీయించడం మొదలుపెట్టారు. నేల మీద ముగ్గుపిండితో వీధులు, పసుపుతో గుడి, ఆకులతో తోటలు, చింతగింజలతో ఇళ్ళు. చూడ్డానికి సంక్రాంతి. జరిగేది వేరు.

ముగ్గు వేసే చేయి ఎవరిదో ఆలోచించండి. సభలో నోరు విప్పని ఆడవాళ్ళు నేల మీద వంగితే ఆగరు. ఒకావిడ వీధి గీస్తుంది. రెండో ఆవిడ చింతగింజ తీసి, ఈ ఇంటికి కుళాయి లేదు వదినా అంటుంది. మూడో ఆవిడ బోరింగు గీసి, దాని మీద మట్టి చల్లుతుంది, పాడైందని. ఎస్సీ కాలనీకి మురుగుకాలువ ఎక్కడ ఆగిపోయిందో, ఏ వీధిదీపం ఎన్నాళ్ళుగా వెలగడం లేదో, పింఛను రాని ముసలావిడ ఏ ఇంట్లో ఉందో, గంట తిరగకుండా అన్నీ నేల మీద తేలతాయి. రిజిస్టరులో లేనివి కూడా. పైగా తప్పు పడితే చీపురుతో ఊడ్చి మళ్ళీ గీస్తారు, సిగ్గు కూడా పడరు. మీ బొమ్మకి ఆ దుస్థితి పట్టకూడదు. అందుకే ఒకే సుద్దముక్క, అది మీ గుప్పిట్లోనే. ముగ్గుపిండిని పంచాయతీ గేటు దాటనివ్వకండి. పర్మనెంట్ మార్కరుతో గీస్తే ఇంకా శ్రేయస్కరం. చెరపలేనిదాన్ని జనం గౌరవిస్తారు.

బడ్జెట్ సభలకి ఎవరిని ఆదర్శంగా పెట్టుకోవాలని అడుగుతారేమో. బయటికి పోనక్కర్లేదు. జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధ స్తూపంలో మాంధాత చక్రవర్తి పలక ఒకటి దొరికింది. జేమ్స్ బర్జెస్ 1882లో ఇక్కడ పరిశోధించి, 1887లో అమరావతి స్తూపంతో కలిపి పుస్తకం వేశాడు. పలక మీద రాజు చేయి పైకెత్తి నిలబడ్డాడు. మేఘంలోంచి చదరపు నాణేలు కురుస్తున్నాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం, రాణి, మంత్రి. అంతే. అంచనాలు లేవు, టెండరు లేదు, బిల్లు పాసయ్యే సమస్య లేదు. రెండు వేల ఏళ్ళుగా ఒక్కరు కూడా ఆ నాణేలు ఏ పద్దు కింద వచ్చాయని అడగలేదు. మీరూ ఏటా బోర్డు మీద ఒక మేఘం గీయండి. కింద సీసీ రోడ్డు, పక్కన వాటరు ట్యాంకు, పైనుంచి చుక్కలు చుక్కలుగా నిధులు. చేయెత్తిన మనిషి ఎవరో మీరు చెప్పక్కర్లేదు, అధ్యక్షుల వారే గుర్తుపడతారు.

మాంధాత బొమ్మని పూర్తిగా నమ్ముకున్నా, అదే స్తూపానికి ఆయక స్తంభాలు పెట్టించిన సిద్ధార్థుడనే పనివాడిని మాత్రం అనుసరించకండి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరమని, తన తండ్రి ఫలానా అని, తన ఊరు ఫలానా అని, ఐదు స్తంభాలు పెట్టించానని అన్నీ రాతిలో చెక్కించాడు. ఎవరు, ఎప్పుడు, ఎన్ని. ఆడిటుకి ఇంతకంటే ఏం కావాలి? మీ బొమ్మ కింద పేరు, తేదీ వేయకండి.

సభ ముగిశాక బోర్డు ఫోటో తీసి రిజిస్టరులో అంటించండి. ఫోటో తీసేటప్పుడు బొమ్మకి అడ్డంగా నలుగురిని నిలబెట్టండి, శాలువాలతో అయితే మరీ మంచిది. సంతకాలు అంతకుముందే, టీలు ఇచ్చేటప్పుడే తీసుకోండి.

చివరగా చోటు. పంచాయతీ ఆవరణలో వేపచెట్టు కింద సభ పెట్టే అలవాటుంటే వెంటనే మానుకోండి. సభ అయిపోయిందని మీరు అనుకున్నాక కూడా అక్కడ ఆ ముసలాయన కదలడు. చేతికర్రతో నేల మీద ఒక గీత గీసి, ఇది ఏరనుకో అంటాడు. పక్కవాడు చెప్పు విడిచి, ఇది మా తూమనుకో అంటాడు. లస్కరు అటుగా సైకిలు ఆపుతాడు. అందుకని మేడ మీద గదిలో పెట్టండి, కింద టైల్స్ వేసి ఉండాలి. మెట్ల దిగువన కూడా సిమెంటు పోయించండి, చెప్పులు విడిచే మేరంతా. వాన పడ్డ మర్నాడు సభ వచ్చిందంటే మాత్రం వాయిదా వేయించుకోవడమే నయం. తడి నల్లరేగడి మీద పుల్లతో గీసినా గీత చక్కగా పడుతుంది, ఎండేదాకా పోదు.