ఈగలు తోలుకున్న ఉద్యోగం

ఒరే అబ్బాయ్, నువ్వు ఫోనెత్తి ఫొటో కొడితే అది ఈగ పేరు చెప్పేస్తుందట కదా. సంతోషం. మా రోజుల్లో ఈగ పేరు చెప్పాలంటే ముందు అది మగదో ఆడదో చూడాలి. మగదైతే పొట్ట చివర కింద ముడుచుకుని ఉన్న గుండీలాంటి భాగాన్ని సూదితో విప్పాలి. విప్పి, కాస్టిక్ పొటాష్‌లో ఉడకబెట్టి, కడిగి, లవంగం నూనెలో తేల్చి, గాజు పలక మీదికెక్కించి, మెడ పట్టేసేదాకా మైక్రోస్కోపులో చూడాలి. అప్పటికీ పేరు చెప్పేవాళ్ళం కాదు. మర్నాడు పొద్దున్నే ఇంకోసారి చూసి అప్పుడు చెప్పేవాళ్ళం. ఈగకి కూడా ఆ మాత్రం మర్యాద దక్కేది.

నేను పని చేసింది కెన్యాలో, సెట్సీ ఈగల మీద. అక్కడ స్వాహిలీలో ఎంబుంగో అంటారు. మనుషులకి అతినిద్ర జబ్బు, పశువులకి నగానా జబ్బు మోసుకొచ్చే మహాతల్లి అదే. మన ఇంటి ఈగలాగా అన్నం మీద వాలి కాళ్ళు రుద్దుకుంటూ కూర్చునే రకం కాదది. చొక్కా మీంచే దించేస్తుంది సూది. ఆడా మగా రెండూ రక్తం తాగేవే. మా ఊరి నుంచి మా పెద్దమామయ్య ఉత్తరం రాశాడు, అంత దూరం వెళ్ళి ఏం వెలగబెడుతున్నావురా అని. ఈగలతో పని అని రాశాను. ఈగలు తోలుకోవడానికి సముద్రం దాటాలిట్రా, మన మిఠాయి కొట్టు ముందు కూర్చుంటే పోయేది కదా అని జవాబు. ఆ ఈగలో నేను చూసేది ఏ భాగమో మాత్రం ఆయనకి ఎప్పుడూ రాయలేదు. పెద్దవాళ్ళకి రాసే ఉత్తరాల్లో అన్నీ రాయకూడదు. ఆ సంగతి మీకు తెలీదులే, మీరసలు ఉత్తరాలే రాయరు.

ఏం చెబుతున్నాను? ఆ, సెట్సీ. అది సెట్సీ అని గుర్తుపట్టడం చిన్నపిల్లాడి పని. వాలినప్పుడు రెక్కలు ఒకదాని మీద ఒకటి పూర్తిగా పెట్టుకుంటుంది, రెక్క మధ్యలో గొడ్డలి ఆకారంలో ఒక గడి ఉంటుంది, అంతే. కానీ ఏ సెట్సీ? జాతులు ఇరవై పైచిలుకు ఉన్నాయి, పైకి చూస్తే అన్నీ గోధుమరంగే. 1903లో లండన్ బ్రిటిష్ మ్యూజియం ఆస్టెన్ దొర వాటి మీద పెద్ద గ్రంథమే రాశాడు. అయినా తికమక తీరలేదు. 1911లో లివర్‌పూల్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో ఉన్న న్యూస్టెడ్, రంగులు చూసింది చాలు, మగ ఈగ జననాంగాలు చూడండి, జాతి అక్కడ రాసి ఉంది అని తేల్చాడు. ఆ రోజుల్లో, అందులోనూ ఇంగ్లీషు దొరల మధ్య, ఆ మాట పైకి అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించు.

మగ సెట్సీకి ఆడదాన్ని పట్టుకోవడానికి ఒక జత పట్టుకార్లుంటాయి. వాటిని చూస్తే ఏ గుంపుదో తెలిసిపోతుంది. రెండూ దేనికది విడివిడిగా ఉంటే ఫుస్కా గుంపు. మధ్యలో పల్చటి పొర ఉండి కలిపితే పాల్పాలిస్ గుంపు. పొర నిండుగా ఉండి, కొసలు కూడా ఒకదానికొకటి అతుక్కుపోతే మోర్సిటాన్స్ గుంపు. కెన్యాలో మూడు గుంపులూ దొరుకుతాయి, అదీ మా అదృష్టం. విక్టోరియా సరస్సు ఒడ్డున ఫుస్కిపెస్, అది పాల్పాలిస్ గుంపుది. లాంబ్వే లోయలో పల్లిడిపెస్, అది మోర్సిటాన్స్ వాళ్ళది. ఎండిపోయిన తుప్పల్లో, పొద్దువాలే వేళకి బయటికొచ్చే పెద్ద ఈగ లాంగిపెన్నిస్, వీపు మీద నాలుగు నల్లచుక్కలతో, అది ఫుస్కా వాళ్ళది. చుట్టాల ఇళ్ళు తిరిగినట్టు తిరిగేవాళ్ళం. మాతో వచ్చే ముసలి సహాయకుడు పోలే పోలే, అంటే మెల్లిగా మెల్లిగా అంటూ ఉండేవాడు. ఇప్పుడు నువ్వు బొమ్మ కనపడ్డానికి రెండు క్షణాలు ఆలస్యమైతే నెట్‌ని తిడుతున్నావు.

బొమ్మంటే గుర్తొచ్చింది. మేం బొమ్మలు చేత్తో గీసేవాళ్ళం. కెమెరా లూసిడా అని మైక్రోస్కోపుకి తగిలించే అద్దం ఉండేది. ఒకే కంటికి ఈగా, కాగితం రెండూ ఒకదాని మీద ఒకటి కనిపించేవి. ఒక్కో వెంట్రుకా నల్లసిరాతో. గీస్తే తప్ప చూడలేదని లెక్క. మా గురువుగారు ఊరికే చూడనిచ్చేవారు కాదు. ఆయన బల్ల మీద పాటన్, క్రాగ్ కలిసి రాసిన వైద్య కీటకశాస్త్రం ఉండేది, 1913లో మద్రాసు నుంచి వచ్చిన పుస్తకం. మన మద్రాసు! ఆ పుస్తకం అక్కడ చూసినప్పుడల్లా సగం ఇల్లు చేరినట్టుండేది.

ఇప్పుడేం చేస్తున్నారు? ఈగ కాలు ఒకటి పీకి, నూరి, గొట్టంలో పోసి, ఎక్కడికో పంపుతారు. 2003లో కెనడాలో హెబర్ట్ అనే ఆయన మొదలెట్టాడు ఈ బార్‌కోడు వ్యవహారం. ఒక జన్యువులో ఆరువందల యాభై దాకా అక్షరాలు చదివితే పేరు వచ్చేస్తుందట. కిరాణా కొట్లో సబ్బుకీ బార్‌కోడే, ఈగకీ బార్‌కోడే. ఆ పేరు పట్టుకుని వ్యాసం రాసినవాడికి ఈగ ఎదురుపడితే పలకరించగలడా అని నా అనుమానం.

ఇంకోటి చెబుతాను విను, దీనికి నువ్వు సమాధానం చెప్పాలి. ఆఫ్రికా పళ్ళతోటల్ని పాడుచేసే సెరటైటిస్ ఈగల్లో ఫాసివెంట్రిస్, అనోనే, రోసా అని మూడు దగ్గరి చుట్టాలున్నాయి. ఆడవాటిని విడదీయడం గగనం. మీ బార్‌కోడు కూడా అక్కడ చేతులెత్తేసింది. మరి ఎలా తెలిసేది? మగవాటి నడిమి కాళ్ళు చూడాలి. ఆ కాళ్ళకి ఈకల్లాంటి వెంట్రుకల బారులుంటాయి, అవి ఎక్కడున్నాయి, ఎంత దట్టంగా ఉన్నాయి అన్నదాన్ని బట్టి జాతి. 2016లో రోసాని మళ్ళీ రెండు చేసి, రెండోదానికి రీయూనియన్ దీవిలో పనిచేసిన సెర్జ్ క్విలిసీ పేరు మీద క్విలిసియై అని పెట్టారు. దాన్ని గుర్తుపట్టాలన్నా మగదాని నడిమి కాలి వెడల్పే చూడాలి. చివరికి మగాడి కాళ్ళ దగ్గరికే వచ్చారు కదా! అసలు అందులో రెండు రకాలున్నాయని పసిగట్టింది జన్యువులు చదివినవాళ్ళే తాతయ్యా అంటుంది మా మనవరాలు. హైదరాబాదులో బయోటెక్నాలజీ చదువుతోందిలే. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదని చెప్పాను.

మన మామిడితోటల ఈగ సంగతి ఇంకా వింత. డోర్సాలిస్ అంటే మన రైతులందరికీ తెలిసిన పురుగే. అది 2003లో కెన్యాలో కనబడింది. 2005లో దాన్ని కొత్త జాతిగా ఎంచి ఇన్వేడెన్స్ అని పేరు పెట్టారు. పదేళ్ళపాటు ఆ పేరుతోనే దర్జాగా తిరిగి, పండ్ల ఎగుమతులకి అడ్డుపడింది. 2015లో శరీర నిర్మాణం, జన్యువులు, జత కట్టే తీరు, వాసనలు అన్నీ కలిపి చూసి, ఇది పాత డోర్సాలిసేనని పాత పేరుకి లాక్కొచ్చారు. విదేశం వెళ్ళి పేరు కురచ చేసుకుని వచ్చేవాళ్ళని మన వీధిలోనూ చూస్తున్నాం, ఈగనని ఏం లాభం?

నేనేదో యంత్రాలకి శత్రువునని అనుకోకు. ఒక్క విషయంలో మీది పైచెయ్యి. మగది దొరక్కపోతే మాకు చేతులు కట్టేసినట్టే ఉండేది. ఆడవాటిని చాలా జాతుల్లో 'బహుశా' అని చీటీ రాసి పక్కన పెట్టేవాళ్ళం. "సగం జనాభాకి పేరు లేకుండా దాన్ని శాస్త్రం అనేవారా?" అని అడిగింది మనవరాలు. ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళాను.

మళ్ళీ సెట్సీ దగ్గరికొస్తే, అది మోసే జబ్బు కూడా మా కాలంలో ఉన్నట్టు లేదులే. 1990ల్లో జాంజిబార్ దీవిలో మగ సెట్సీలకి రేడియేషన్ ఇచ్చి, పిల్లలు పుట్టకుండా చేసి, విమానాల్లోంచి వదిలారు. ఆడ సెట్సీ సాధారణంగా ఒక్కసారే జత కడుతుంది, ఆ ఒక్కసారీ అలాంటి మగాడు దొరికితే వంశం అక్కడితో సరి. ఆ దీవిలో సెట్సీయే లేకుండా పోయింది. అతినిద్ర జబ్బు కూడా ఆఫ్రికా మొత్తంలో 2018 నుంచి ఏటా వెయ్యి కేసులకి లోపే. మంచిదే, కాదనను. కానీ కొత్తగా చేరిన కుర్రాడు ఏ ఈగ విప్పి నేర్చుకుంటాడు చెప్పు? ఇలా అనకూడదని నాకూ తెలుసు. అయినా అన్నాను.

సరే, నీకో పని. మీ వంటింట్లో అరటితొక్క మీద ముసిరే బుల్లి ఈగలున్నాయే, అందులో డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అనేదాని పుట్టిల్లు ఆఫ్రికాయే. దానికీ సిమ్యులాన్స్ అనే దాని చుట్టానికీ తేడా చెప్పాలంటే నమ్మకంగా చూడాల్సింది మళ్ళీ మగదాని వెనక భాగమే. నీకంత ఓపిక లేదు, తెలుసు. కనీసం ఒకదాన్ని పట్టి, ముందు కాళ్ళ మీద నల్లటి బుల్లి దువ్వెన ఉందేమో చూడు, ఉంటే అది మగది. ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యకు, నాకు కనిపించి చావదు. గీసి పట్టుకురా. లెన్సు కావాలంటే నాది ఇస్తాను, కానీ ఆదివారానికల్లా తిరిగిచ్చెయ్యాలి.